కొయ్యకాళ్ళకు నిప్పు పెట్టే ముందు

ఏప్రిల్ చివర్లో సెమిస్టర్ పరీక్షలు అయిపోయి కరీంనగర్ బస్సెక్కితే, మా ఊరు దగ్గరపడుతోందని నాకు ముందుగా పొగ వాసనతోనే తెలుస్తుంది. యాసంగి కోతలు అయిపోయి ఉంటాయి. రోడ్డుకు రెండు పక్కలా మడులు నల్లగా కాలి ఉంటాయి. ఇంకా కాలని మడుల్లో సాయంత్రం ఎవరో ఒకరు గడ్డికి అగ్గిపెట్టి ఒరం మీద నిలబడి చూస్తుంటారు. ఆ నిలబడ్డ వాళ్ళలో మా బాపు కూడా ఉంటాడు. అందుకే ఈ వ్యాసంలో రైతుల్ని తిట్టే ఉద్దేశం నాకు లేదు.

మొన్న మన హాస్టల్‌లో ఈ ముచ్చట వచ్చింది. సోషల్ మీడియాలో ఒక రీల్ చూసి మా రూమ్మేట్ అన్నాడు, "గడ్డి కాల్చకుండా నేల మీద పరిస్తే అయిపోయె కదా, మల్చింగ్ అంటారు, సింపుల్." నేను కూడా రెండేళ్ళ కింద ఇట్లనే అనుకున్న. పది గుంటల మడి పచ్చబడ్డాక తెలిసింది, అది అంత సింపుల్ కాదని. ఆ పది గుంటల కథే ఇది. కథతో పాటు నా అభిప్రాయం కూడా: నేలను కప్పి ఉంచడం మంచి పనే. కానీ మట్టిలోని సూక్ష్మజీవుల లెక్క తెలియకుండా దాన్ని నినాదంలా చెప్తే నష్టపోయేది చెప్పినవాడు కాదు, విన్న రైతు.

ముందుగా కాల్చడం ఎందుకు మొదలైందో చూద్దాం. మా బాపమ్మ కాలంలో వరిని కొడవలితో నేల దగ్గరికి కోసేవాళ్ళు. గడ్డి అంతా వాములోకి, అక్కడి నుంచి పశువుల కడుపులోకి, చివరికి పెంటకుప్ప మీదుగా మళ్ళీ పొలంలోకి. నాట్లకు ముందు కానుగ ఆకు కొట్టుకొచ్చి కరిగెటలో తొక్కించేవాళ్ళట. తర్వాత ఎస్సారెస్పీ కాలువ నీళ్ళు, బోర్లు, 2019లో ప్రారంభమైన కాళేశ్వరం వచ్చాయి. ఉమ్మడి కరీంనగర్‌లో రెండు పంటలూ వరే అయింది. కూలీలు దొరకక హార్వెస్టర్ వచ్చింది. అది జానెడు కంటే ఎక్కువ ఎత్తున కొయ్యలు వదిలి, మిగిలిన గడ్డిని వరసగా పోసి పోతుంది. ఇంట్లో పశువులు లేవు. వానకాలం కోతకూ యాసంగి నాట్లకూ మధ్య నెలా నెలన్నర కూడా ఉండదు. "గీ గడ్డి గిట్లనే ఉంచుతే రోటవేటర్‌కు చుట్టుకుంటది రా. ఎవడు పీకాలె?" అంటాడు బాపు. ఒక అగ్గిపుల్లతో అయిపోయే పనికి వేల రూపాయల కూలీ ఎవరు పెడతారు?

సరే, కాలిస్తే పోయేదేంటి? ఇంజనీరింగ్ వాళ్ళం కాబట్టి లెక్క వేద్దాం. ఎకరాకు 25 క్వింటాళ్ళ వడ్లు వచ్చాయనుకుంటే గడ్డి కూడా దాదాపు అంత బరువే ఉంటుంది, అంటే రెండున్నర టన్నులు. టన్ను వరిగడ్డిలో సుమారు 5 నుంచి 8 కిలోల నత్రజని ఉంటుంది. 6 అనుకుంటే ఎకరాకు 15 కిలోలు. కాలిస్తే ఇది దాదాపు మొత్తం గాల్లో కలుస్తుంది. పొటాష్ చాలావరకు బూడిదలో మిగులుతుంది కానీ గడ్డి వరస ఉన్న చోటే పడుతుంది, గాలికీ వానకూ కొంత పోతుంది. యూరియాలో 46 శాతం నత్రజని ఉంటుంది కాబట్టి, పోయిన 15 కిలోలు దాదాపు ముప్పావు బస్తా యూరియాతో సమానం. 45 కిలోల బస్తా సబ్సిడీ ధర 266 రూపాయల 50 పైసలు. అంటే బాపుకు కనిపించే నష్టం 200 రూపాయలు.

ఇక్కడే మన ఉపన్యాసాలన్నీ ఓడిపోతాయి. 200 రూపాయల ఎరువు కోసం వేల రూపాయల కూలీ పెట్టమని ఎవరికి చెప్తాం? "గడ్డిలో పోషకాలున్నాయి" అనే మాట నిజమే కానీ, ఆ మాట ఒక్కటే చెప్తే రైతు లెక్కే కరెక్టు.

అసలు నష్టం ఇంకో చోట ఉంది. గడ్డి బరువులో దాదాపు 40 శాతం కర్బనం. రెండున్నర టన్నుల గడ్డిలో ఒక టన్ను కర్బనం. దీనికి ఎరువుల దుకాణంలో బస్తా లేదు. మట్టిలోని సూక్ష్మజీవులకు ఇదే తిండి. ఒక గ్రాము మంచి మట్టిలో వంద కోట్ల దాకా బ్యాక్టీరియా ఉంటుంది. దానికి తోడు శిలీంధ్రాలు, అంటే మనం బూజు అనేవి, ఆక్టినోమైసిటీస్ అనేవి కూడా ఉంటాయి. తొలకరి జల్లు పడ్డప్పుడు మనందరం ఆగి పీల్చే మట్టివాసన ఉంది చూడండి, అందులో ప్రధానమైన జియోస్మిన్‌ను తయారుచేసేది ఎక్కువగా ఈ ఆక్టినోమైసిటీసే. మన కవులు వందల కవితలు రాసిన ఆ వాసన ఒక సూక్ష్మజీవి పని.

మొక్క యూరియానూ భాస్వరాన్నీ బస్తాలో ఉన్న రూపంలోనే తాగేయదు. యూరియాను అమ్మోనియాగా, అమ్మోనియాను నైట్రేట్‌గా మార్చేది సూక్ష్మజీవులే. మన రేగడి నేలల్లో భాస్వరం సున్నంతో కలిసి గట్టిపడి కూర్చుంటుంది. దాన్ని కొంచెం కొంచెం కరిగించి ఇచ్చే బ్యాక్టీరియా ఉంది. మక్క, కంది, పత్తి లాంటి పంటల వేర్లకు అంటుకుని, వేరు చేరలేని దూరం నుంచి భాస్వరం మోసుకొచ్చే శిలీంధ్రాలు ఉన్నాయి. మనం ఎరువు కొంటున్నాం సరే, దాన్ని వంటచేసి పెట్టేవాళ్ళను మాత్రం ఆకలితో పెడుతున్నాం.

ఇక నిప్పు సంగతి. మంట వేడి లోతుకు పోదు, పైనున్న రెండు మూడు సెంటీమీటర్లనే కొడుతుంది. కానీ సూక్ష్మజీవులు గుంపుగా ఉండేది ఆ పై పొరలోనే. ఒక్కసారి కాలిస్తే కొన్నాళ్ళకు కోలుకుంటాయి. ఏటా రెండుసార్లు కాలుస్తూ, పైగా తిండి కూడా లేకుండా చేస్తే ఎట్లా కోలుకుంటాయి?

కప్పి ఉంచితే ఏమవుతుందో మాత్రం నేను కళ్ళారా చూశాను. రెండేళ్ళ కింద ఎండాకాలం సెలవుల్లో అమ్మ పెరట్లో వంకాయ, టమాట మొక్కల చుట్టూ నాలుగు వేళ్ళ మందాన వరిగడ్డి పరిచాను. బయట 44 డిగ్రీల ఎండ. గడ్డి పరవని సాళ్ళకు రోజు విడిచి రోజు నీళ్ళు పెట్టాల్సి వస్తే, పరిచిన సాళ్ళకు నాలుగు రోజులకోసారి సరిపోయింది. వానలు పడ్డాక గడ్డి ఎత్తి చూస్తే అడుగున తెల్లటి బూజు దారాలు, వాటి కింద ఎర్రలు. పక్క సాలు మట్టి పెంకులా ఉంది. ఇది మన మెకానికల్ వాళ్ళకు తెలిసిన విషయమే, ఇన్సులేషన్. ఎండకూ మట్టికీ మధ్య ఒక పొర. వేడి తగ్గింది, తేమ నిలిచింది, ఆ రెండూ ఉన్నచోట జీవులు పనిలోకి దిగాయి. చలికాలంలో ఆదిలాబాద్ మిత్రులు రెండు దుప్పట్లు కప్పుకుని కూడా ఎనిమిదింటి దాకా లేవరు. మట్టికి ఎండాకాలంలో కావలసిందీ అదే దుప్పటి.

పెరటి విజయంతో నాకు పొగరెక్కింది. "బాపూ, ఈసారి కాల్చకు, పది గుంటలు నాకు ఇడిసిపెట్టు" అన్నాను. ఇచ్చాడు. గడ్డి అట్లనే ఉంచాను. కాలువ నీళ్ళు వచ్చాక, నాట్లకు ఐదు రోజుల ముందు ఆ గడ్డినంతా కలిపి కరిగెట దున్నించాను. నాటేశాం. పదిహేను రోజులకు చుట్టూ మడులన్నీ పచ్చగా ఉంటే నా మడి ఒక్కటే పసుపుపచ్చగా మారింది. లోపల అడుగేస్తే బుడగలు, మురిగిన గుడ్డు వాసన. దారిన పోయే ప్రతి మనిషీ ఆగి అడిగాడు. బాపు ఒక్క మాటే అన్నాడు, "సదువుకున్నోని పొలం సూడుండ్రి." ఆ మాట నాకు ఏ సబ్జెక్టులో బ్యాక్‌లాగ్ వచ్చినా అంత తగల్లేదు.

ఏమైందో తర్వాత చదివి తెలుసుకున్నాను. సూక్ష్మజీవి ఒంట్లో కర్బనం, నత్రజని దాదాపు 8కి 1 నిష్పత్తిలో ఉంటాయి. తిన్న కర్బనంలో ఎక్కువ భాగం ఊపిరిగా వదిలేస్తుంది కాబట్టి, దానికి సరిపోయే తిండి 24కు 1 దగ్గర ఉండాలి. వరిగడ్డిలో ఆ నిష్పత్తి 60కి 1, ఒక్కోసారి 80కి 1. అంటే కడుపు నిండా అన్నం, ఆవగింజంత కూర. మరి కూర ఎక్కడి నుంచి తెచ్చుకోవాలి? మట్టిలో ఉన్న నత్రజనిని లాక్కుంటుంది. సరిగ్గా నారు వేరు పట్టే సమయంలో, మొక్క నోటిదగ్గరి నత్రజని జీవుల ఒంట్లో ఇరుక్కుపోతుంది. అది శాశ్వతంగా పోదు. గడ్డి కుళ్ళి, ఆ జీవులు చచ్చాక మళ్ళీ మెల్లగా బయటికొస్తుంది. కానీ నారు అన్ని రోజులు ఆగదు కదా. దానికి తోడు నిలిచిన నీళ్ళ కింద గాలి లేదు. గాలిలేని చోట కుళ్ళే గడ్డి సేంద్రియ ఆమ్లాలనూ హైడ్రోజన్ సల్ఫైడ్‌నూ మీథేన్‌నూ వదులుతుంది. వేర్లు ఊపిరాడక నల్లబడతాయి.

పెరట్లో గెలిచిందీ పొలంలో ఓడిందీ ఒకే గడ్డి. తేడా ఎక్కడుంది? పెరట్లో నేను కప్పాను, పొలంలో కలిపాను. పైన కప్పిన గడ్డికి మట్టితో తగిలేది అడుగు పొర మాత్రమే. అది మెల్లగా కుళ్ళుతుంది, నత్రజనిని పెద్దగా లాక్కోదు. దున్ని కలిపితే అణువణువూ మట్టికి తగులుతుంది, జీవులన్నీ ఒక్కసారే విందుకు కూర్చుంటాయి. కప్పడం వేరు, కలపడం వేరు. ఈ ఒక్క తేడా ఆ రీల్‌లో లేదు.

మా మడి బతికింది. నీళ్ళు తీసేసి నాలుగు రోజులు ఆరబెట్టాం, కొంచెం యూరియా ముందుగానే చల్లాం. కోతకొచ్చేసరికి పక్క మడితో ఇంచుమించు సమానంగా నిలిచింది. మరుసటి ఏడు తొందరపడలేదు. ఎండాకాలమంతా గడ్డిని పైననే ఉంచాను. చెదలు కొంత తిన్నాయి, తిననివ్వు అనుకున్నా. జూన్‌లో తొలకరి పడగానే తేమలోనే దున్నించి, జీలుగ చల్లి, అది నడుం ఎత్తు పెరిగాక కలియదున్ని, ఆ తర్వాతే నాట్లు. జీలుగ లాంటి పచ్చిరొట్టలో నత్రజని ఎక్కువ కాబట్టి గడ్డికి తగ్గిన కూర అది పెట్టింది. ఈసారి పసుపురంగు రాలేదు. ఒక మడి, రెండు పంటలు, దీన్ని రుజువు అనడానికి నాకు ధైర్యం లేదు. కానీ బాపు ఆ పది గుంటలను మళ్ళీ కాల్చలేదు. మిగతా ఎకరంన్నర మాత్రం కాలుస్తూనే ఉన్నాడు.

ఆదిలాబాద్ వైపు వెళ్తే సమస్య మారుతుంది. అక్కడ పత్తి. నల్లరేగడి నేల, వాన మీదే ఎవుసం. పత్తి ఏరడం అయిపోయాక కట్టె పీకి, కుప్పవేసి కాలుస్తారు. "ఆ కట్టెనే నేల మీద పరవొచ్చు కదా" అని మనం తేలిగ్గా అంటాం. కానీ ఆ కట్టెలో, విచ్చుకోని కాయల్లో గులాబీ రంగు పురుగు దాక్కుని తర్వాతి పంట దాకా నిద్రపోతుంది. పంట అయ్యాక కట్టెను పొలంలో ఉంచొద్దని వ్యవసాయ శాస్త్రవేత్తలే చెప్తారు. అంటే ఇక్కడ రైతు పెట్టే నిప్పుకు ఒక అర్థం ఉంది. ష్రెడ్డర్‌తో కట్టెను ముక్కలు చేస్తే పురుగూ చస్తుంది, ముక్కల్ని కంపోస్టు చేసి తిరిగి పొలానికే పెట్టొచ్చు. కానీ ఊరికి ఒక్క ష్రెడ్డర్ లేని చోట ఈ సలహా గాల్లో మాటే. హైదరాబాద్ సంతోష్‌నగర్‌లోని క్రీడా సంస్థ శాస్త్రవేత్తలు పత్తి, కంది కట్టెల్ని పొలం దగ్గరే బొగ్గుగా మార్చే డ్రమ్ము కొలిమి ఒకటి రూపొందించారు. ఆ బొగ్గు మట్టిలో చాలాకాలం నిలుస్తుంది.

ఆదిలాబాద్ నుంచి మనం నేర్చుకోవలసింది ఇంకోటి ఉంది. అక్కడ పత్తి సాళ్ళ మధ్య కంది సాలు వేయడం ఎప్పటి నుంచో ఉంది. కంది పూతకొచ్చేనాటి నుంచి ఆకు రాల్చుతూనే ఉంటుంది. ఎవరూ పరవనక్కర్లేదు, కూలీ అక్కర్లేదు. నత్రజని ఉన్న మెత్తటి ఆకు కాబట్టి తొందరగా కుళ్ళి నేలకు చేరుతుంది. రీల్ చూసి మనం కనుక్కున్నామనుకునే మల్చింగ్‌ను ఆ మొక్క తనే చేసుకుంటోంది.

మల్చింగ్ అనగానే ఇప్పుడు చాలామందికి గుర్తొచ్చేది కూరగాయల తోటల్లో పరిచే ప్లాస్టిక్ షీటు. అది కలుపును ఆపుతుంది, తేమనూ నిలుపుతుంది, కాదనను. కానీ జీవులకు అందులో తిండి లేదు. చినిగిన ముక్కల్ని ఏరకపోతే ఏళ్ళ తరబడి మట్టిలోనే ఉంటాయి. దుప్పటి కప్పి అన్నం పెట్టకపోవడం లాంటిది అది.

ఇక వ్యవస్థ గురించి. 2015లో వచ్చిన భూసార కార్డు మా ఇంట్లో కూడా ఉంది. నత్రజని, భాస్వరం, పొటాష్, జింకు, ఉదజని సూచిక అన్నీ కలిపి 12 గడులు. అందులో ప్రాణం ఉన్నదాన్ని లెక్కపెట్టే గడి ఒక్కటీ లేదు. దగ్గరగా ఉన్నది సేంద్రియ కర్బనం. అది 0.5 శాతం లోపుంటే తక్కువ, 0.75 దాటితే ఎక్కువ అని అర్థం. మా కార్డులో ఆ గడి ఎదురుగా "తక్కువ" అని ఉంది. కింద సలహాల్లో మాత్రం ఎన్ని బస్తాలు వేయాలో ఉంది. జ్వరం వచ్చినవాడికి అన్నం మానేసి బలం బిళ్ళలు రాసినట్టు.

కాల్చినవాళ్ళకు జరిమానా వేస్తే సరిపోతుందనేవాళ్ళతో నేను ఏకీభవించను. నిప్పు వెనక ఉన్నది తెలివితక్కువతనం కాదు, టైమూ డబ్బూ. వాటికి జవాబు చెప్పకుండా జరిమానా వేస్తే పగలు కాలే గడ్డి రాత్రి కాలుతుంది. పంజాబ్‌లో హార్వెస్టర్ వెనక గడ్డిని తరిగి సమానంగా చల్లే యంత్రం బిగిస్తున్నారు. దున్నకుండానే ఆ గడ్డిలోంచి గోధుమ విత్తే హ్యాపీ సీడర్ ఉంది. మన దగ్గర వరి మీద వరి, బురదలో నాటు, కాబట్టి దాన్ని తెచ్చి అట్లనే పెడితే పనిచేయదు. కానీ వానకాలం వరి తర్వాత దున్నకుండా మక్క వేసే చోట, గడ్డి తరిగి పరిస్తే అదే మల్చ్ అవుతుంది, నీళ్ళూ మిగులుతాయి. యాసంగి కోత తర్వాత అయితే జూన్ దాకా నెలన్నర ఖాళీ. అప్పుడు కాల్చడానికి తొందరే లేదు. నన్నడిగితే మొదలుపెట్టాల్సింది అక్కడే: వేసవి నిప్పు ఒక్కటి ఆపితే చాలు. దానికి హార్వెస్టర్ ఓనర్లకు గడ్డి తరిగే యంత్రం మీద సబ్సిడీ, జూన్ మొదటి వారానికే ఊళ్ళోకి జీలుగ, జనుము విత్తనాలు. ఈ రెండూ సమయానికి అందితే మా బాపు మిగతా ఎకరంన్నర గురించి కూడా ఆలోచిస్తాడు.

మన పని ఏంటి మరి? ఏటా మన కాలేజీలో ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుల్లో సగం వేరేవాళ్ళ రిపోర్టుకు కొత్త అట్ట వేసినవే, ఒప్పుకుందాం. మెకానికల్ వాళ్ళు చిన్న ట్రాక్టర్‌కు బిగించే గడ్డి తరిగే యంత్రం మీద పనిచేయొచ్చు. ఎలక్ట్రానిక్స్ వాళ్ళు కప్పిన మట్టిలో, కప్పని మట్టిలో వేడినీ తేమనూ కొలిచే రెండు సెన్సార్లు ఒక మడిలో పెట్టి వేసవంతా చూడొచ్చు. జగిత్యాల పక్కన పొలాసలో పరిశోధనా కేంద్రం ఉంది, మనం తినే జగిత్యాల సన్నాలు పుట్టింది అక్కడే. వెళ్ళి అడిగితే మనకు తెలియనివి చెప్పేవాళ్ళు ఉంటారు. అన్నిటికంటే ముందు, ఇంటికెళ్ళినప్పుడు బాపుకు ఉపన్యాసం ఇవ్వకుండా పది గుంటలు అడగండి. పది గుంటలు లేకపోతే పెరట్లో రెండు సాళ్ళు చాలు. తప్పయితే ఆ నష్టం చిన్నది, అదీ మనదే అవుతుంది.

ఈ సెలవుల్లో కూడా బస్సు దిగేసరికి పొగ ఉంటుందని నాకు తెలుసు. బాపు ఒరం మీద నిలబడే ఉంటాడు. ఈసారి ఇంకో ఇరవై గుంటలు అడుగుదామనుకుంటున్నా. ఇస్తాడో లేదో వచ్చే సంచికలో చెప్తా.